శని వలయాల దగ్గర ఆగిపోయిన ఆకాశం

నూట ఇరవై మంది పిల్లలు ఒక్కసారిగా గొల్లున నవ్వారు.

అది నవ్వాల్సిన చోటు కాదు. అప్పుడు మేం శని గ్రహం వలయాల్లోకి దూకుతున్నాం. "అందరూ ఊపిరి బిగబట్టండి" అని షో నడిపే చుక్కలక్క మైకులో చెప్పి, నల్లటి ఆకాశంలో పది అంకెలు లెక్కపెట్టి, జాయ్‌స్టిక్‌ని ఒక్క తోపు తోసింది. వలయాలు మీదికి దూసుకొచ్చాయి. లక్షల మంచు ముక్కలు తలల మీదుగా మెరుస్తూ వెళ్లాయి. అంతలో మా నక్షత్రశాల గోపురం మొత్తం నల్లబడిపోయింది. మూడు సెకన్ల తర్వాత చుక్కలు ఉండాల్సిన చోట కంప్యూటర్ తెర వచ్చి నిలబడింది. ధ్రువ నక్షత్రం దగ్గర చెత్తబుట్ట బొమ్మ, చందమామంత.

"అక్కా, అది ఏ గ్రహం?" అని ముందు వరుసలోంచి ఎవరో అరిచారు.

"అది మా టెక్నీషియన్ గ్రహం. అక్కడ ప్రాణులున్నాయో లేదో ఇంకా తేలలేదు" అంది చుక్కలక్క, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి ఆమె నవ్వించినందుకు నవ్వారు. కానీ ఎర్ర దీపం వెలుతురులో నాకు ఇంకోటి కనిపించింది. ఆమె తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

ఆ టెక్నీషియన్ని నేనే. ఆకాశం ఎందుకు ఆగిపోయిందో ఆ హాల్లో తెలిసినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

మూడు వారాల్లో అది ఏడోసారి. ఏడుసార్లూ ఆమె షోలోనే.

మాది చిన్న నక్షత్రశాల. గుండ్రటి గోపురం, వెనక్కి వాలితే కిర్రుమనే కుర్చీలు, చివర్లో గాజు గది. ఆ గదిలో ఒక కంప్యూటర్. రెండు ప్రొజెక్టర్లకూ ఆకాశాన్ని గీసి పంపేది దాని కడుపులో ఉన్న ఒకే ఒక గ్రాఫిక్స్ కార్డు. షోలు నడిపేవాళ్లు ఇద్దరు. పెద్దాయన షోలో అంతా ముందే తయారుచేసి పెట్టిన సినిమా. బటన్ నొక్కి, ఆ గంభీరమైన గొంతుతో నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. చుక్కలక్క అలా కాదు. ఏ రోజు ఆకాశాన్ని ఆ రోజే చేత్తో నడుపుతుంది. పిల్లలు అటు పోదామంటే అటు, ఇటంటే ఇటు. అంటే ప్రతి దృశ్యాన్నీ కార్డు అప్పటికప్పుడు గీసి ఇవ్వాలి. సినిమా ఆడించడం దానికి కూర్చుని చేసే పని. చుక్కలక్క షో మూట నెత్తిన పెట్టుకుని పరిగెత్తడం.

ఆరు నెలల క్రితం ఆమె నాతో అంది. "తమ్ముడూ, వలయాల దగ్గర బొమ్మ తడబడుతోంది. పిల్లలు కనిపెట్టరు గానీ నాకు కంట్లో నలుసులా ఉంది. కొత్త కార్డు కావాలని రాస్తున్నా."

ఆ కాగితం డైరెక్టర్‌గారి టేబుల్ మీదికి వెళ్లింది. ఆయన నన్ను పిలిచి, "నిజంగా అవసరమా?" అన్నారు.

నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. అవసరమే సార్ అని. నేను అన్నది, "నేను చూసుకుంటాను సార్."

చూసుకున్నాను. కార్డుని ఓవర్‌క్లాక్ చేశాను. దాన్ని తయారుచేసినవాళ్లు ఇంత వేగం చాలని ఒక హద్దు పెడతారు. ఆ హద్దు దాటించి పరిగెత్తించడమే ఓవర్‌క్లాక్. ఇంట్లో ఆటలాడుకునేవాళ్లు సరదాకి చేస్తారు. పాడైతే వాళ్ల ఆటే పాడవుతుంది. నేను నక్షత్రశాలలో చేశాను. అక్కడితో ఆగలేదు. కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం మార్చినప్పుడల్లా సెట్టింగులు చెరిగిపోతాయన్న వంకతో, ఆ కొత్త వేగాన్ని కార్డు సొంత చిప్‌లోకే రాసేశాను. ఇక ఎవరు తెరిచి చూసినా అదే దాని పుట్టువేగం అన్నట్టు కనిపిస్తుంది. డ్రైవర్ మాట సగం నిజం. మిగతా సగం, ఎవరికీ తెలియకూడదన్నది.

నాలుగు గంటలు ఏకబిగిన పరీక్ష నడిపాను. చెక్కుచెదరలేదు. మర్నాడు షోలో వలయాలు నూనె పోసినట్టు జారాయి.

"తమ్ముడూ, ఏం చేశావయ్యా!" అంది చుక్కలక్క.

"ఏం లేదక్కా, కొంచెం సెట్టింగులు సర్దాను."

ఆమె ఊరుకుంటేగా. టికెట్ కౌంటర్ నుంచి తోటమాలి దాకా అందరికీ చెప్పింది, మా తమ్ముడి చేతిలో మంత్రం ఉందని. డైరెక్టర్‌గారు మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. మా ఆవిడ వాళ్ల పుట్టింటి వైపు ఒక్క చెవినీ వదల్లేదు. నేను కూడా మొహమాటపడుతున్నట్టు తల వంచుకుని అన్నీ పుచ్చుకున్నాను.

ఎండలు ముదిరాక మొదటి క్రాష్ వచ్చింది.

మొదటి మూడుసార్లు నేను నిజంగానే వెతికాను. కార్డు మీద అనుమానం రాకపోలేదు. కానీ మళ్లీ నాలుగు గంటల పరీక్ష పెడితే మళ్లీ నెగ్గింది. నెగ్గింది కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నాలుగోసారి క్రాష్ అయినప్పుడు గాజు గదిలో ఆమె పక్కనే ఉన్నాను. ఆమె పది లెక్కపెడుతుంటే కార్డు ఫ్యాన్ చప్పుడు తగ్గి చల్లబడింది. జాయ్‌స్టిక్ తోయగానే ఒక్క ఉదుటున గుయ్యిమంది. ఠక్కున ఆగిపోయింది.

అప్పుడు అర్థమైంది. నా పరీక్షలో కార్డు నాలుగు గంటలూ ఒకే వేగంతో పరిగెత్తింది. అలా పరిగెత్తగలదు. చుక్కలక్క దాన్ని కూర్చోబెట్టి, ఊపిరి తీసుకోనిచ్చి, ఒక్కసారిగా గోడ దూకమంటుంది. ఎండలు ముదిరాక ఆ దూకుడులో నేను పెట్టిన వేగం తలకెక్కి పడిపోతోంది. ఆమె షోలో పిల్లలు అన్నిటికంటే ఇష్టపడే ఆ పది అంకెల మౌనమే దాన్ని పడగొడుతోంది.

అప్పుడే వెనక్కి మార్చేయొచ్చు. ఇరవై నిమిషాల పని. కానీ మారిస్తే వలయాలు మళ్లీ తడబడతాయి. ఆమె కంటికి అది దొరక్కుండా పోదు. ఏం మార్చావంటుంది. అప్పుడు ఆ చప్పట్లన్నీ నన్ను నిలదీస్తాయి.

అందుకని వెతికాను. అందరూ చూస్తుండగా వెతికాను. కేబుళ్లు మార్చాను. మెమరీ ముక్కలు ఒక్కొక్కటే పీకి పెట్టాను. డ్రైవర్ తీసేసి కొత్తగా ఎక్కించాను. ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము బ్రష్‌తో దులిపాను. పవర్ సప్లై డబ్బా కొత్తది తెప్పించాను. ప్రతిదీ రిజిస్టర్లో తేదీ వేసి రాశాను.

"పాపం, పిల్లాడు భోజనం కూడా మానేసి కూర్చుంటున్నాడు" అని చుక్కలక్క నాకు తన డబ్బాలోంచి సగం పెట్టింది. తిన్నాను.

ఏడో క్రాష్ తర్వాత డైరెక్టర్‌గారు మా ఇద్దర్నీ పిలిచారు.

"శని పట్టుకుంటే వదలడంటారు. ఇక్కడ మనల్ని చూసి శనే పారిపోతున్నాడు" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేశారు. "చూడమ్మా, పెద్దాయన షోలో ఒక్కసారి కూడా రాలేదు. మెషీన్ అదే, గది అదే, కుర్చీ అదే. మారేది చెయ్యి ఒక్కటే."

"నా చేతిలో ఏముంది సార్? పదమూడేళ్లుగా ఇదే చెయ్యి."

"అదే నేనూ అంటున్నా. పదమూడేళ్లయింది కదా. కొంచెం దురుసుగా తోస్తున్నావేమో, కొంచెం వణుకుతోందేమో." ఆయన నా వైపు తిరిగారు. "టెక్నికల్‌గా నువ్వేమంటావోయ్?"

చుక్కలక్క కూడా నా వైపు తిరిగింది. ఆ మొహంలో భయం లేదు. తమ్ముడున్నాడుగా అన్న ధైర్యం ఉంది.

"ఇదీ అని చెప్పలేం సార్" అన్నాను.

ఆ నాలుగు మాటలూ ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

గురువారం పదకొండు గంటలకి పరీక్ష అన్నారు. నక్షత్రశాల కమిటీ వచ్చి కూర్చుంటుంది. ఫలితం చూసి రెండు గంటలకి తీర్మానం. చెయ్యే కారణమని తేలితే చేత్తో నడిపే షోలు రద్దు. ఇక రోజంతా సినిమాలే. చుక్కలక్క టికెట్ కౌంటర్‌లోకి.

గురువారం పొద్దున ఏడున్నరకే వెళ్లాను. తాళం తీసింది నేనే. కార్డుని దాని అసలు వేగానికి మార్చేశాను. నా లెక్క చక్కగా ఉందనిపించింది. ఆమె నడుపుతుంది. క్రాష్ రాదు. కమిటీ సంతోషిస్తుంది. తప్పు ఏదో వదులు కేబుల్ మీదకి నెట్టేస్తాను. ఆమె కుర్చీ ఆమెకి, నా పరువు నాకు. వలయాలు కాస్త తడబడినా ఆ హడావిడిలో ఎవరు చూస్తారు?

పదకొండయింది. కమిటీ ముగ్గురూ కుర్చీల్లో వెనక్కి వాలారు. అధ్యక్షురాలు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆమె హాల్లోకి వస్తేనే గోడలు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డట్టుంటాయి. చుక్కలక్క జాయ్‌స్టిక్ ముందు కూర్చోబోయింది.

"నువ్వు కాదమ్మా" అన్నారు డైరెక్టర్‌గారు. "పెద్దాయన నడుపుతారు. నీ షోనే, నీ దారే. పది లెక్కపెట్టి మరీ. చెయ్యి మారితే ఏమవుతుందో చూద్దాం."

ఎవరు నడిపినా ఇవాళ క్రాష్ రాదు.

ఆపండి అనొచ్చు. ఆ క్షణం కూడా నాకు దక్కింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

పెద్దాయన పది లెక్కపెట్టారు. తోశారు. వలయాలు వచ్చాయి, మంచు ముక్కలు తలల మీదుగా వెళ్లాయి, అవతల వైపు శని చల్లగా బయటపడ్డాడు. ఏమీ కాలేదు. రెండోసారి. ఏమీ కాలేదు. నాలుగుసార్లు దూకారు. నాలుగుసార్లూ ఆకాశం నిలబడింది.

"ఇంకేముంది" అన్నారు డైరెక్టర్‌గారు, లైట్లు వేయమని సైగ చేస్తూ.

నేను చేసిన రిపేరే ఆమె మీద సాక్ష్యమైంది.

హాలు ఖాళీ అయ్యాక చుక్కలక్క గాజు గదిలోకి వచ్చింది. తలుపు మూసింది.

"తమ్ముడూ, వలయాలు ఆగి ఆగి తిరిగాయి. ఆరు నెలల క్రితం లాగా. నువ్వేమన్నా మార్చావా?"

అనుకున్నట్టే. ఆ కంటికి దొరక్కుండా పోలేదు.

"లేదక్కా. ఏం మార్చలేదు."

నా నోరు నన్ను అడగకుండానే అనేసింది. ఆమె నా మొహంలోకి చూసింది. ఎక్కువసేపు కూడా కాదు.

"నువ్వు చెప్పావంటే అంతే అయ్యుంటుంది. నా కళ్లకి కూడా వయసొచ్చినట్టుంది." ఆమె సొరుగు తెరిచి తన వస్తువులు సంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది. గొంతు బిళ్లల డబ్బా. ఒక శాలువా. పిల్లలు గీసిచ్చిన గ్రహాల బొమ్మల కట్ట. "ఆ డబ్బాలో అన్నం ఉంది. నాకు తినాలని లేదు. నువ్వు తినేయ్."

నేను బయటికి నడిచాను. మెట్ల కింద, చీపుళ్లు పెట్టే మూల నిలబడి మా ఆవిడకి ఫోన్ చేశాను.

"ఏంటి, కమిటీ వాళ్లు మళ్లీ చప్పట్లు కొట్టారా?" అంది.

మొత్తం చెప్పాను. చెప్పడం అయిపోయాక అవతల కుళాయి ఆపిన చప్పుడు వినపడింది.

"మా నాన్నగారి నీళ్ల మోటారు రిపేర్ చేస్తానని కాల్చేశావు గుర్తుందా? పెళ్లైన కొత్తలో."

"ఇప్పుడదెందుకు?"

"అప్పుడు వోల్టేజి మీదకి తోసేశావు. నాకు తెలుసు, మా నాన్నకీ తెలుసు. అల్లుడు కదా అని ఊరుకున్నారు. వోల్టేజి కూడా ఏమీ అనుకోలేదు. కానీ ఈవిడ మనిషి కదా?"

నేను ఒక చీపురు పుల్ల లాగి విరుస్తూ నిలబడ్డాను.

"టైమెంతయింది?" అంది.

"ఒకటీ పది."

"రెండింటికి కదా తీర్మానం? మరి నాతో కబుర్లేంటి? పెట్టేయ్ ఫోను."

డైరెక్టర్‌గారి గదికి వెళ్లాను. ఆయన భోజనం చేసి చేతులు తుడుచుకుంటున్నారు. చెప్పాను. విన్నారు. లేచి తలుపు దగ్గరగా వేశారు.

"కూర్చో. ఇప్పుడు క్రాష్ వస్తోందా?"

"రాదు సార్."

"మరింకేం? సమస్య తీరింది. కొత్త కార్డు అవసరం లేదని అప్పట్లో సంతకం పెట్టింది నేను. నువ్వు చూసుకుంటానంటేనే పెట్టాను. ఇప్పుడు ఇదంతా తవ్వితే నీకూ మట్టే, నాకూ మట్టే. ఆవిడకి కౌంటర్లో హాయిగా ఫ్యాన్ కింద ఉద్యోగం. నేను కాఫీ చెప్తా."

ఆ మాట నాకు నచ్చింది. నచ్చలేదని అబద్ధం చెప్పను. ఆ కుర్చీలోనే ఒక నిమిషం కూర్చున్నాను. కాఫీ వచ్చింది. కప్పు చేతిలోకి తీసుకున్నాను. చేయి వణికి సాసర్‌లో ఒలికింది. వణికే చెయ్యి ఎవరిదో ఆ గదిలో స్పష్టంగా తెలిసింది.

కప్పు అక్కడే పెట్టేసి, ఎదురుగా ఉన్న కమిటీ గదిలోకి నడిచాను. "ఏయ్, ఎక్కడికోయ్!" అంటూ డైరెక్టర్‌గారు వెనకే వచ్చారు.

"మేడమ్, ఆ క్రాష్‌లన్నీ నా వల్ల వచ్చాయి" అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు సవరించుకున్నారు. "కూర్చోకుండా చెప్పు."

చెప్పాను. ఓవర్‌క్లాక్ అంటే ఏమిటో, చిప్‌లో ఎందుకు రాశానో, పొద్దున ఏం చేశానో.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నాలుగోసారి క్రాష్ అయినప్పుడు మేడమ్."

"అంటే రెండు వారాలైంది. ఈ రిజిస్టర్ చూశాను. కేబుల్ అని రాశావు, మెమరీ అని రాశావు, దుమ్ము అని రాశావు. ఈ రెండు వారాలూ ఏం వెతికావు?"

"వెతకలేదు మేడమ్. వెతుకుతున్నట్టు కనిపించాను."

అప్పుడు డైరెక్టర్‌గారు నా భుజం మీద చెయ్యి వేశారు. మెత్తగా, తండ్రిలా.

"మేడమ్, ఈ కుర్రాడు బంగారం. ఆవిడంటే వీడికి సొంత అక్క కంటే ఎక్కువ. ఆవిడ కుర్చీ పోతోందని తట్టుకోలేక తన నెత్తిన వేసుకుంటున్నాడు. పరీక్ష మీ కళ్ల ముందే జరిగింది కదా?"

సభ్యుల్లో ఒకాయన నా వైపు జాలిగా చూశారు. "ఈ రోజుల్లో ఇలాంటివాళ్లు ఎక్కడున్నారు" అన్నారు రెండో ఆయనతో.

నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. నిజం చెప్పినా మెచ్చుకోలే వస్తోంది.

"నిరూపిస్తాను" అన్నాను. "ఆ ఫైలు నా దగ్గరే ఉంది. కార్డుని మళ్లీ అలా మారుస్తాను. పెద్దాయన్నే నడపమనండి."

హెడ్‌మిస్ట్రెస్ గడియారం చూశారు. "నడు."

ఇరవై నిమిషాలు పట్టింది. నా వెనక ముగ్గురు నిలబడి చూస్తుండగా, ఆ పాత తప్పునే మళ్లీ చిప్‌లోకి రాశాను. ఈసారి ప్రతి అంకె పైకి చదివాను. కంప్యూటర్ మళ్లీ లేచింది. లైట్లు ఆర్పాం.

పెద్దాయన పది లెక్కపెట్టి తోశారు. వలయాలు వచ్చాయి, నూనె పోసినట్టు జారాయి. ఏమీ కాలేదు.

"చూశారా" అన్నారు చీకట్లో డైరెక్టర్‌గారు.

"ఇంకోసారి" అన్నాను.

ఇంకోసారి దూకారు. ఆకాశం రాయిలా నిలబడింది. మూడు వారాలుగా పడొద్దు పడొద్దని దేవుడికి మొక్కినవాణ్ణి, ఇప్పుడు పడిపో పడిపో అని పళ్లు బిగించి చూస్తున్నాను. ఈ ఒక్కరోజు ఈ కార్డు బుద్ధిగా ఉంటే, నేను బంగారం కుర్రాణ్ణై మిగిలిపోతాను. ఆమె కౌంటర్లో మిగిలిపోతుంది.

"ఈ వయసులో నాచేత ఎన్నిసార్లు దూకిస్తావయ్యా" అని గొణిగారు పెద్దాయన.

"అక్క ఎలా తోస్తుందో అలా తొయ్యండి పెద్దాయనా. మీరు నెమ్మదిగా తోస్తున్నారు. పది లెక్కపెట్టాక ఒక్కసారిగా."

ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు. ఒకటి, రెండు, మూడు. ఫ్యాన్ చప్పుడు తగ్గింది. ఎనిమిది, తొమ్మిది, పది. తోశారు. కార్డు గుయ్యిమంది.

గోపురం నల్లబడిపోయింది.

మూడు సెకన్లు. తర్వాత చెత్తబుట్ట బొమ్మ, చందమామంత. ఈసారి నవ్వడానికి ఎవరూ లేరు.

"నా చెయ్యి కూడా పరీక్ష చేయిస్తారా సార్?" అన్నారు పెద్దాయన, డైరెక్టర్‌గారి వైపు తిరక్కుండానే.

హెడ్‌మిస్ట్రెస్ లైట్లు వేయమన్నారు. వేసి చూస్తే వెనక తలుపు దగ్గర చుక్కలక్క నిలబడి ఉంది, భుజానికి సంచితో. ఎప్పుడొచ్చిందో తెలీదు. వినాల్సినదంతా వినేసిందని మాత్రం మొహం చూస్తే తెలిసింది.

తీర్మానం రెండున్నరకి రాశారు. చేత్తో నడిపే షోలు కొనసాగుతాయి. కొత్త కార్డు సంగతి కమిటీయే స్వయంగా చూస్తుంది, డైరెక్టర్‌గారు కాదు. నాకు నెల రోజులు సస్పెన్షన్. ఆ తర్వాత మెషీన్లో ఒక్క స్క్రూ తిప్పినా చుక్కలక్క సంతకం కావాలి. ఆ కాగితం కింద నేను సంతకం పెట్టాను.

కార్డుని మళ్లీ అసలు వేగానికి మార్చి వెళ్లమన్నారు. మారుస్తుంటే చుక్కలక్క వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. తెర మీద అంకెల వైపు చూసింది.

"కార్డు సంగతి నాకు తెలీదు" అంది. "పాడు చేశావు, బాగు చేశావు, అదంతా నీ పని. నా సంగతి చెప్తాను విను. మూడు వారాలుగా ఇంట్లో గ్లాసు నిండా నీళ్లు పోసి పట్టుకుని నిలబడుతున్నా, ఒలుకుతుందా అని. మొన్న డాక్టరు దగ్గరికి వెళ్లా. నరాల డాక్టరు. ఆయన సుత్తితో మోకాలు కొట్టి, ఏమీ లేదమ్మా అన్నాడు. నేను నమ్మలేదు. ఎందుకో తెలుసా? మా తమ్ముడు అన్నీ వెతికాడు, ఎక్కడా ఏమీ దొరకలేదన్నాడు కదా, మరి ఇంక మిగిలింది నేనే కదా అని."

తప్పైపోయింది అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో నా చెవికే తెలిసింది.

"ఇప్పుడు అడిగినదానికి సరిగ్గా చెప్పు. ఈ కార్డు, దాని సొంత వేగంలో, వలయాల్లో ఎన్ని మంచు ముక్కలు మోస్తుంది? తడబడకుండా."

"సగానికి తగ్గించాలి."

"సగమా?"

"సగం కంటే కొంచెం తక్కువే. అంతకంటే మోయలేదు."

"మోయలేదన్న మాట ఆరు నెలల క్రితం చెప్పాల్సింది."

"అవునక్కా."

ఆమె లేచింది. సంచిలోంచి గొంతు బిళ్లల డబ్బా తీసి సొరుగులో పెట్టింది. శాలువా కుర్చీ వెనక వేసింది. మూడు గంటల షోకి పిల్లలు అప్పుడే లోపలికి వస్తున్నారు. కుర్చీలు కిర్రుమంటున్నాయి, బూట్ల చప్పుడు గోపురంలో తిరిగి తిరిగి మోగుతోంది.

"ఇంకొకటి" అంది మైకు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా. "కొన్నాళ్లు నన్ను అక్కా అనొద్దు."

నేను ముక్కల సంఖ్య సగానికి దించాను. ఇంకొంచెం దించాను. ఒకసారి దూకించి చూశాను, వలయాలు పల్చబడ్డాయి గానీ ఎక్కడా ఆగలేదు. సంతకం కోసం రిజిస్టర్ ఆమె ముందుకి జరిపాను. ఆమె ప్రతి అంకె మీద వేలు పెట్టి చదివి సంతకం చేసింది.

"రెడీనా?"

"రెడీ" అన్నాను. "రెడీ, మేడమ్."

ఆమె లైట్లు ఆర్పేసింది.